లండన్ పాడ్‌కాస్ట్ విని మన డాబా ఎక్కితే

ఖగోళశాస్త్రం మీద ఇంగ్లిష్ పాడ్‌కాస్ట్‌లు వినే తెలుగువాళ్లు ఎక్కువగా తడబడేది ఎపిసోడ్ చివర్లోనే. బ్లాక్ హోల్స్, నక్షత్రాల పుట్టుక, అంగారకుడి మీద నీళ్లు, ఇవన్నీ ఎక్కడ కూర్చుని విన్నా ఒకటే. "ఈ నెల ఆకాశంలో ఏం చూడాలి" అనే భాగం మాత్రం అలా కాదు. అది విని డాబా ఎక్కితే, తక్కువ ఎత్తులో ఉంటుందన్న చుక్క నడి ఆకాశంలో ఉంటుంది. ఉత్తరాన ఎప్పుడూ కనిపిస్తుందన్న సప్తర్షి మండలం జాడే ఉండదు. ఆ ముక్కలు ఎక్కువగా 40 నుంచి 52 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉన్నవాళ్ల కోసం తయారైనవి. హైదరాబాద్ 17.4 డిగ్రీల దగ్గర ఉంది. విజయవాడ 16.5, తిరుపతి 13.6, ఆదిలాబాద్ 19.7. ఈ తేడాను సరిచేసుకుంటే ఆ ఎపిసోడ్లే మనకూ బాగా పనికొస్తాయి. లెక్క కూడా కూడికలు, తీసివేతలే.

ముందు ఏ పాడ్‌కాస్ట్ ఎక్కడిదో తెలియాలి. "స్టార్‌డేట్" టెక్సస్‌లోని మెక్‌డొనాల్డ్ అబ్జర్వేటరీ వాళ్లది. 1978 నుంచి రేడియోలో నడుస్తోంది. రోజుకు రెండు నిమిషాలే, రాతప్రతి కూడా సైట్‌లో పెడతారు. ఆ అబ్జర్వేటరీ అక్షాంశం 30.7 కాబట్టి మనకు 13 డిగ్రీల తేడాయే. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నా ఓటు దీనికే. "స్కై అండ్ టెలిస్కోప్" పత్రిక వాళ్ల "స్కై టూర్" నెలకొకసారి వస్తుంది, అమెరికా ఉత్తరభాగం వాళ్లను దృష్టిలో పెట్టుకుని చేస్తారు. ఇలాంటి వాటిలో "మిడ్ నార్తర్న్ లాటిట్యూడ్స్" అన్నమాట వినిపిస్తే 40 డిగ్రీలు అని రాసేసుకోవచ్చు. బ్రిటన్‌లో రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ వాళ్ల "సూపర్‌మాసివ్ పాడ్‌కాస్ట్"కి లండన్ లెక్క, అంటే 51.5. 2006లో మొదలైన "ఆస్ట్రానమీ కాస్ట్"లో ఎక్కువభాగం విషయ వివరణే కాబట్టి అక్షాంశంతో పెద్దగా పనిలేదు.

ఎత్తు లెక్క

దిగంతం నుంచి నడినెత్తికి 90 డిగ్రీలు. చెయ్యి పూర్తిగా చాచి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు దాదాపు 10 డిగ్రీలు. చిన్నపిల్లల చెయ్యి పొట్టి, పిడికిలి చిన్నది, కాబట్టి వాళ్లకూ అదే కొలత సరిపోతుంది.

హోస్ట్ ఒక చుక్క దక్షిణాన ఇంత ఎత్తులో ఉంటుందని చెప్పాడనుకోండి. ఆయన అక్షాంశంలోంచి మన అక్షాంశం తీసేసి, వచ్చినదాన్ని ఆ ఎత్తుకు కలపాలి. హైదరాబాద్ నుంచి వినేవాళ్లు లండన్ ఎపిసోడ్‌కి 34, న్యూయార్క్‌కి 23, స్టార్‌డేట్‌కి 13 కలుపుకుంటే చాలు. తిరుపతిలో అయితే అవే 38, 27, 17 అవుతాయి.

జ్యేష్ఠ నక్షత్రాన్ని, అంటే అంటారెస్‌ను, తీసుకుందాం. లండన్‌లో అది దక్షిణాన 12 డిగ్రీలకు మించి లేవదు. అందుకే బ్రిటిష్ హోస్టులు ఇళ్ల కప్పుల మీదుగా వెతకమంటారు. 12కు 34 కలిపితే 46. హైదరాబాద్‌లో జ్యేష్ఠ సగం ఆకాశం ఎత్తులో ఉంటుంది. వృశ్చికం తోక చివర ఉండే మూల నక్షత్రం (షౌలా) లండన్‌లో దిగంతానికి ఒక డిగ్రీ పైన మాత్రమే, అంటే కనిపించదనే అనుకోవాలి. ఇక్కడ 35 డిగ్రీలు. తేలు ఆకారం కొండితో సహా పూర్తిగా కనబడాలంటే మన అక్షాంశాలకు రావాల్సిందే.

కూడితే 90 దాటితే ఏం చెయ్యాలి? దాన్ని 180లోంచి తీసెయ్యండి, దిక్కును ఉత్తరానికి మార్చండి. అభిజిత్ నక్షత్రం (వేగా) లండన్‌లో దక్షిణాన 77 డిగ్రీల ఎత్తుకు వెళుతుంది. 77కు 34 కలిపితే 111. 180లోంచి 111 పోతే 69. కాబట్టి హైదరాబాద్‌లో ఉత్తరం వైపు తిరిగి 69 డిగ్రీల ఎత్తున వెతకాలి. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. దక్షిణం అని విన్నారు కాబట్టి దక్షిణంవైపే చూస్తూ ఉంటారు, చుక్క వీపు వెనక ఉంటుంది.

ఎత్తు చెప్పకుండా డెక్లినేషన్ చెబితే పని ఇంకా తేలిక. ఆకాశపు మధ్యరేఖకు చుక్క ఎన్ని డిగ్రీలు ఉత్తరాన లేదా దక్షిణాన ఉందో చెప్పే కొలత అది, పంచాంగం లెక్కల్లో క్రాంతి అనేది ఇదే. దానికీ మన అక్షాంశానికీ ఉన్న తేడాను 90లోంచి తీసేస్తే, ఆ చుక్క మనకు గరిష్ఠంగా ఎంత ఎత్తుకు వస్తుందో తెలుస్తుంది. రోహిణి (ఆల్డెబరన్) క్రాంతి 16.5, స్వాతి (ఆర్క్‌టురస్) 19.2. రెండూ హైదరాబాద్‌లో దాదాపు నడినెత్తి మీదుగా పోతాయి. ఇది వినడానికి బాగుంటుంది గానీ చూడటానికి కష్టం. కుర్చీలో కూర్చుని నడినెత్తికి బైనాక్యులర్స్ ఎత్తితే ఐదు నిమిషాల్లో మెడ పట్టేస్తుంది. డాబా మీద నవారు మంచమో చాపో వేసుకుని, మోచేతులు పక్కలకు ఆనించి చూడటమే మార్గం. కింద తిరుగుడు పీట మీద నిలబడే డాబ్సోనియన్ టెలిస్కోప్ ఉన్నవాళ్లకు మరో చిక్కు. నడినెత్తి దగ్గర గొట్టం కాస్త జరగాలన్నా అడుగును మొత్తం తిప్పాల్సివస్తుంది, చుక్క చేజారుతుంది. ఓ గంట ముందో వెనకో, చుక్క 70 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు చూస్తే ఆ తంటా ఉండదు.

ధ్రువ నక్షత్రం ఎత్తు ఎప్పుడూ మన అక్షాంశమే. హైదరాబాద్‌లో 17 డిగ్రీలు, రెండు పిడికిళ్లకు కాస్త తక్కువ. అంత కింద దుమ్ము, పొగ, వీధిదీపాల వెలుగు దాన్ని మింగేస్తాయి. ఇందువల్ల పాడ్‌కాస్ట్‌లలో తరచూ వినిపించే ఒక చిట్కా ఇక్కడ పనిచెయ్యదు. మీ ఆకాశం ఎంత చీకటిగా ఉందో తెలుసుకోవడానికి, ధ్రువ నక్షత్రం ఉండే లఘు సప్తర్షి మండలంలో ఎన్ని చుక్కలు కనిపిస్తున్నాయో లెక్కపెట్టమంటారు. మనకు ఆ మండలం ఎప్పుడూ పొగమంచులోనే ఉంటుంది, కాబట్టి లెక్క ఉన్నదానికన్నా అధ్వానంగా వస్తుంది. బదులుగా కృత్తికలు, పల్లెల్లో పిల్లలకోడి అనే గుంపు, బాగా పైకి వచ్చినప్పుడు లెక్కపెట్టండి. మామూలు కంటికి ఆరు విడివిడిగా కనిపిస్తే మంచి ఆకాశమే. మసక మచ్చలా మాత్రమే ఉంటే నగరపు ఆకాశం.

టైము రెండు రకాలు

ఈ ఒక్క విషయం పట్టుబడితే సగం గందరగోళం పోతుంది. పాడ్‌కాస్ట్‌లో చెప్పే టైముల్లో కొన్నిటిని మన టైములోకి మార్చాలి, కొన్నిటిని మార్చకూడదు.

"రాత్రి 9 గంటలకు ఓరియన్ దక్షిణాన ఉంటుంది" అనేది భూమి తిరగడం వల్ల వచ్చే టైము. అమెరికాలో 9కి ఎలా ఉందో, భూమి తిరిగి మనకు 9 అయినప్పుడు ఇక్కడా అలాగే ఉంటుంది. దీనికి పదిన్నర గంటలు కలపకూడదు. ఒక్క సవరణ మాత్రం చెయ్యాలి. వేసవిలో వాళ్లు గడియారాన్ని గంట ముందుకు జరుపుకుంటారు. అమెరికాలో మార్చి రెండో ఆదివారం నుంచి నవంబర్ మొదటి ఆదివారం దాకా, బ్రిటన్‌లో మార్చి చివరి ఆదివారం నుంచి అక్టోబర్ చివరి ఆదివారం దాకా. ఆ నెలల్లో వాళ్లు 10 అంటే మనం 9 అనుకోవాలి. ఇంకా పట్టింపు ఉన్నవాళ్లకు మరో చిన్న సవరణ: మన గడియారం 82.5 డిగ్రీల రేఖాంశానిది, హైదరాబాద్ 78.5 దగ్గర ఉంది, కాబట్టి అక్కడ చుక్కలు 16 నిమిషాలు ఆలస్యంగా నడిమింటికి, అంటే తమ గరిష్ఠ ఎత్తుకు, వస్తాయి. విశాఖలో గడియారం దాదాపు సరిగ్గానే ఉంటుంది. ఒక్క జాగ్రత్త: ఇదంతా నడిమింటికి వచ్చే టైముకే వర్తిస్తుంది. ఉదయించే, అస్తమించే టైములు అక్షాంశంతో మారిపోతాయి, వాటికి యాప్ చూసుకోవాల్సిందే.

చంద్రగ్రహణం, ఉల్కాపాతం తారస్థాయి, రాకెట్ ప్రయోగం వేరు. ఇవి ప్రపంచమంతటికీ ఒకే క్షణంలో జరుగుతాయి. వీటిని తప్పకుండా మార్చాలి. యూనివర్సల్ టైముకు (UTC) ఐదున్నర గంటలు కలపాలి. న్యూయార్క్ టైముకు చలికాలంలో పదిన్నర, వేసవిలో తొమ్మిదిన్నర. కాలిఫోర్నియా అయితే పదమూడున్నర, పన్నెండున్నర. తేదీ కూడా మారుతుందని మర్చిపోవద్దు. న్యూయార్క్‌లో డిసెంబర్ 13 రాత్రి 9 అంటే మనకు 14 ఉదయం 7:30.

2025లో వచ్చిన రెండు సంపూర్ణ చంద్రగ్రహణాలు దీనికి చక్కటి పాఠం. మార్చి 14 నాటి గ్రహణం గురించి అమెరికా పాడ్‌కాస్ట్‌లన్నీ వారాల ముందు నుంచే హడావిడి చేశాయి. దాని సంపూర్ణ దశ మన టైములో మధ్యాహ్నం 11:56 నుంచి 1:01 వరకు. చంద్రుడు మనకు దిగంతం కింద ఉన్నాడు, చూసే ప్రశ్నే లేదు. సెప్టెంబర్ 7 నాటిది అమెరికాలో కనిపించదు కాబట్టి అక్కడివాళ్లకు దానితో పని లేదు. మనకు రాత్రి 11 నుంచి 12:22 దాకా, 82 నిమిషాలు, చంద్రుడు బాగా పైన ఎర్రగా నిలిచాడు. అమెరికా ఎపిసోడ్లను మాత్రమే నమ్ముకుంటే ఉన్నది పోగొట్టుకుని, లేనిదాని కోసం అలారం పెట్టుకుంటాం.

చంద్రుడి విషయంలో ఇంకో మెలిక ఉంది. చంద్రుడు చుక్కల మధ్య గంటకు సుమారు అర డిగ్రీ, అంటే తన వెడల్పంత, తూర్పుకు జరుగుతాడు. అమెరికా తూర్పుతీరంలో సాయంత్రం అయ్యేసరికి మన సాయంత్రం గడిచి దాదాపు పది గంటలు అవుతుంది. ఆ పది గంటల్లో చంద్రుడు 5 డిగ్రీలు కదులుతాడు. "ఈ సాయంత్రం చంద్రుడు గురుడికి 2 డిగ్రీలు ఎడమన" అని హోస్ట్ చెబితే, అదే తేదీ సాయంత్రం మనకు చంద్రుడు ఇంకా గురుడిని దాటనే లేదు. 3 డిగ్రీలు ఇవతలే, పడమటివైపు ఉంటాడు. మరుసటి సాయంత్రానికి 10 డిగ్రీలు అవతలకు వెళ్లిపోతాడు.

"ఎడమన" అన్న మాటా నమ్మదగింది కాదు. ఉత్తర దేశాల్లో సూర్యచంద్రులు, గ్రహాలు పడమట ఏటవాలుగా దిగుతాయి. మన దగ్గర దాదాపు నిట్టనిలువుగా దిగుతాయి. సాయంత్రపు పడమటి ఆకాశంలో వాళ్ల "ఎడమ" మనకు చాలాసార్లు "పైన", వాళ్ల "కుడి" మనకు "కింద" అవుతుంది. వాళ్లు బ్రాకెట్‌లా నిలువుగా వర్ణించే నెలవంక మనకు పడవలా కనిపించడానికీ కారణం ఇదే. ఇందులో ఒక లాభం ఉంది. బుధుడు, శుక్రుడు సూర్యాస్తమయం తర్వాత మనకు ఎక్కువ ఎత్తులో మిగులుతారు. బుధుడిని పట్టుకోవడం మహా కష్టమని బ్రిటిష్ హోస్ట్ అంటే అంతగా పట్టించుకోనక్కర్లేదు. పడమర చెట్లూ అపార్ట్‌మెంట్లూ లేకుండా ఉంటే, సూర్యుడు అస్తమించిన 35 నుంచి 45 నిమిషాల మధ్య వెతికితే చాలు. మన దగ్గర పూర్తి చీకటి పడటానికి గంటంబావు పడుతుంది. జూన్‌లో లండన్‌కి అర్ధరాత్రి కూడా పూర్తి చీకటి రాదు, అందుకే వేసవి ఎపిసోడ్లలో బాగా పొద్దుపోయేదాకా ఆగమంటారు. మనం ఆగక్కర్లేదు.

వాళ్లు చెప్పనివి

ఉత్తరాది పాడ్‌కాస్ట్‌లు విని మనం కోల్పోయేదాంట్లో పెద్ద వాటా దక్షిణాకాశానిదే. ఆకాశంలో రెండో ప్రకాశవంతమైన నక్షత్రం అగస్త్యుడు (కెనోపస్). లండన్, న్యూయార్క్‌లలో అది ఉదయించదు. న్యూజెర్సీలో ఉన్న తెలుగువాళ్లకూ దొరకదు. డాలస్‌లో దిగంతానికి 4, 5 డిగ్రీల పైన కాసేపు తొంగిచూస్తుంది. హైదరాబాద్‌లో ఫిబ్రవరి మధ్యలో రాత్రి 9 గంటలకు దక్షిణాన 20 డిగ్రీల ఎత్తు, రెండు పిడికిళ్లు. సిరియస్ కింద అంత కాంతితో ఇంకేదీ ఉండదు కాబట్టి పొరబడే అవకాశం లేదు. మన పంచాంగాల్లో అగస్త్యోదయం గురించి ఉంటుంది గానీ, ఆ చుక్కను ఆకాశంలో చూపించగలవాళ్లు తక్కువ.

మే మధ్యలో రాత్రి 9కి సరిగ్గా దక్షిణాన త్రిశంకు, అంటే సదరన్ క్రాస్, నిలువుగా నిలబడుతుంది. పాదం దగ్గరి చుక్క హైదరాబాద్‌లో 9 డిగ్రీలు, తిరుపతిలో 13, ఆదిలాబాద్‌లో 7. బంగాళాఖాతం ఒడ్డున దక్షిణంవైపు నీళ్లే ఉన్నచోట చూస్తే తేలిక. అదే నెలలో 10 గంటలకు ఒమేగా సెంటారీ 25 డిగ్రీల ఎత్తుకు వస్తుంది. సుమారు కోటి నక్షత్రాలున్న గోళాకార గుచ్ఛం అది, దాదాపు 17 వేల కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. ఉత్తరాది హోస్టులు వేసవి రాగానే హెర్క్యులిస్ మండలంలోని ఎం 13 అనే గుచ్ఛాన్ని తెగ పొగుడుతారు. దాని ప్రకాశం 5.8, ఒమేగా సెంటారీది 3.9 (ఈ కొలతలో అంకె తగ్గేకొద్దీ కాంతి ఎక్కువ). అంటే మనది ఐదారు రెట్లు కాంతివంతం, 10×50 బైనాక్యులర్స్‌లో దూదిపింజలా దొరుకుతుంది. అయినా మనవాళ్లు ఎం 13 కోసమే వెతుకుతారు, విన్నది దాని పేరే కాబట్టి.

రెండువైపులా అందే ఈ అక్షాంశాన్ని వాడుకున్న చరిత్ర హైదరాబాద్‌కు ఉంది. ప్రపంచ అబ్జర్వేటరీలు ఆకాశాన్ని పంచుకుని ఫొటోలు తీసిన ఆస్ట్రోగ్రాఫిక్ కేటలాగ్ పనిలో నిజామియా అబ్జర్వేటరీ దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీల పట్టీనీ, తర్వాత ఉత్తరాన 36 నుంచి 39 డిగ్రీల పట్టీనీ పూర్తిచేసింది.

దక్షిణాకాశం కోసం పాత "జోడ్‌కాస్ట్" ఎపిసోడ్లు వెతకండి. జోడ్రెల్ బ్యాంక్ రేడియో టెలిస్కోప్‌ను నడిపే మాంచెస్టర్ విశ్వవిద్యాలయం వాళ్లది. అందులో ఉత్తరార్ధగోళానికి ఒక భాగం, న్యూజిలాండ్ నుంచి దక్షిణార్ధగోళానికి మరో భాగం ఉండేవి. మనం రెండూ వినాలి. న్యూజిలాండ్ భాగంలో ఓరియన్ తలకిందులుగా, ఉత్తరాన ఉంటుంది. దాన్ని వదిలేసి, దక్షిణాన దిగంతానికి దగ్గరగా ఉన్నవాటి పేర్లు మాత్రమే తీసుకోండి.

ఇంకొకటి కూడా ఆ పాడ్‌కాస్ట్‌లలో వినపడదు. కర్కాటక, మకర రేఖల మధ్య ఉన్నవాళ్లకే దొరికే నీడ లేని రోజు. హైదరాబాద్‌లో మే 9, ఆగస్టు 3 ప్రాంతంలో. మే 9న మధ్యాహ్నం 12:12కి నిలువు కర్ర నీడ దాని కిందికే చేరిపోతుంది.

ఉల్కలు: గంటకు 100 అంటే ఎన్ని?

పాడ్‌కాస్ట్‌లలో చెప్పే "గంటకు 100" అనే అంకె ఒక ఊహ మీద ఆధారపడింది. ఉల్కలు వస్తున్నట్టు కనిపించే కేంద్రం సరిగ్గా నడినెత్తిన ఉండాలి, ఆకాశం 6.5 ప్రకాశం దాకా కనిపించేంత చీకటిగా ఉండాలి. రెండూ ఒకేసారి దాదాపు ఎప్పుడూ కుదరవు. కేంద్రం ఎత్తు 30 డిగ్రీలైతే సగానికి సగం పోతాయి. ఆకాశపు వెలుగు వల్ల ఆ 6.5 ఒక్కో అంకె తగ్గినకొద్దీ మిగిలినవి మళ్లీ సగానికన్నా తక్కువ అవుతాయి.

ఆగస్టు 13 పెర్సీడ్స్ ఉల్కాపాతాన్నే చూడండి. రాత్రి 2 గంటలకు హైదరాబాద్‌లో కేంద్రం 30 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది. 100 కాస్తా 50 అయింది. ఊరి శివార్లలో 5వ ప్రకాశం దాకానే కనిపిస్తే 15. పైగా వానాకాలం మబ్బులు. పెర్సీడ్స్ కోసం సెలవు పెట్టుకోవడం మన దగ్గర తెలివైన పని కాదు. డిసెంబర్ 14 తెల్లవారుజాము జెమినిడ్స్ మనవి. 2 గంటల ప్రాంతంలో కేంద్రం 75 డిగ్రీలకు చేరుతుంది, ఎత్తు వల్ల పోయేది నూటికి నాలుగు కూడా ఉండదు. మే 6 దరిదాపుల్లో వచ్చే ఈటా అక్వేరిడ్స్‌ను బ్రిటిష్ హోస్టులు ఒక్క వాక్యంతో దాటేస్తారు. అక్కడ కేంద్రం లేచేసరికే తెల్లారిపోతుంది మరి. హాలీ తోకచుక్క రాల్చిన ధూళి అది. మనకు ఆ కేంద్రం రాత్రి రెండింటికి ఉదయించి, 4:20కి, వెలుగు మొదలయ్యే ముందు, 33 డిగ్రీల ఎత్తుకు వస్తుంది. ఎండాకాలంలో ఎలాగూ డాబా మీదే పడుకునేవాళ్లకు ఇది అచ్చొచ్చిన ఉల్కాపాతం.

పాత ఎపిసోడ్లు

పాత ఆకాశం ఎపిసోడ్లను తీసిపారెయ్యనక్కర్లేదు. నక్షత్రాలు ఏటా అదే తేదీకి అదే చోటికి వస్తాయి కాబట్టి పదేళ్ల కిందటి ఎపిసోడ్‌లో చుక్కల భాగం ఇవాళ్టికీ పనికొస్తుంది. ఒకే నెలలో తేదీ జరిగితే రోజుకు 4 నిమిషాలు, నెలకు రెండు గంటలు తగ్గించుకోవాలి: ఒకటో తేదీ రాత్రి 10కి చెప్పింది నెలాఖరుకి 8కి వర్తిస్తుంది. గ్రహాల ముక్కలు మాత్రం దాటెయ్యండి, శుక్రుడిని తప్ప. శుక్రుడు 8 ఏళ్లకోసారి రెండు రోజుల తేడాతో అదే ఆటను మళ్లీ ఆడతాడు. 2018 అక్టోబర్ 26న భూమికీ సూర్యుడికీ మధ్యకు వచ్చాడు, 2026లో అది అక్టోబర్ 24న. ఇక 19 ఏళ్ల నాటి ఎపిసోడ్ దొరికితే అందులో పౌర్ణమి, అమావాస్య తేదీలు కూడా ఒక రోజు అటూ ఇటూగా సరిపోతాయి.

డాబా మీద వినడం

పగలు ఒకసారి కాగితం పెట్టుకుని వినండి. పేరు, దిక్కు, ఎత్తు, టైము, ఆ టైము మార్చాల్సిందా కాదా, ఇవి ఐదే రాసుకోండి. స్టెల్లేరియం లాంటి యాప్‌లో మీ ఊరు పెట్టి ఒకసారి సరిచూసుకోండి. యాప్ పాత ఊరి దగ్గరే ఉండిపోవడం తరచూ జరిగే పొరపాటు.

కళ్లు చీకటికి అలవాటు పడటానికి 20 నుంచి 30 నిమిషాలు కావాలి. ఒక్కసారి ఫోన్ తెర వెలిగితే అదంతా మళ్లీ మొదటికొస్తుంది. వీడియో కన్నా పాడ్‌కాస్ట్ మేలనేది ఇందుకే: చెవికి పని చెప్పి కంటిని వదిలేస్తుంది. ఎపిసోడ్‌ను ముందే డౌన్‌లోడ్ చేసి, తెర బోర్లించి, ఒక చెవికే ఇయర్‌ఫోన్ పెట్టుకోండి. రెండో చెవి పిట్టగోడ, మెట్లు, కుక్కల కోసం ఖాళీగా ఉండాలి. రాసుకున్న కాగితం చదవడానికి టార్చికి ఎర్ర జెలటిన్ కాగితం రెండు మూడు మడతలు వేసి రబ్బరుబ్యాండ్ బిగిస్తే సరి.

దిక్సూచిలో అయస్కాంత ఉత్తరానికి సవరణ చేసుకోమని అమెరికా ఎపిసోడ్లలో వింటారు. అక్కడ కొన్ని చోట్ల అది పది డిగ్రీలు దాటుతుంది. తెలుగు రాష్ట్రాల్లో ఒక డిగ్రీ లోపే, వదిలెయ్యొచ్చు. మన సమస్య వేరు. స్లాబులో ఇనుప చువ్వలు, ట్యాంకు స్టాండు, ఫోన్ కవర్‌లోని అయస్కాంతం, ఇవి ఫోన్ దిక్సూచిని 20, 30 డిగ్రీలు కూడా తప్పు చూపించేలా చేస్తాయి. కవర్ తీసి, ఫోన్‌ను ఛాతీ ఎత్తులో పట్టుకుని, ట్యాంకుకు దూరంగా నిలబడి ఒక్కసారి దక్షిణం ఎటో తేల్చుకోండి. ఆ దిక్కున పిట్టగోడ మీద సుద్దముక్కతో గీత గీసి ఉంచితే ప్రతి నెలా వెతుక్కోవాల్సిన పని ఉండదు.